చీకట్లో చెవి చెప్పే మాట

హెలికాప్టర్ చప్పుడు వినగానే చేతిలో పని పక్కన పడేసి వాకిట్లోకి పరుగెత్తని వాళ్ళు మనలో ఎంతమంది ఉంటారు చెప్పండి? విమానం పోతుంటే ఓసారి తలెత్తి చూసి ఊరుకుంటాం. దీని సంగతి అలా కాదు. కొబ్బరిచెట్ల మీదుగా, మేడ మీద ఆరేసిన చీరలు ఎగిరిపోతాయేమో అన్నంత దగ్గరగా వెళుతుంది. ఎన్నికలొస్తే అందులో నాయకులు దిగుతారు. తుఫానొస్తే అందులోంచి అన్నం పొట్లాలు పడతాయి. ఈమధ్య కేదారనాథుడి దర్శనానికి కూడా అదే వాహనమైపోయింది. అంచేత అదేదో మనింటి బండే అన్నంత చనువు మనకి.

ఆ చనువు వల్లనే కాబోలు, దాన్ని నడపడం ఎంత కష్టమో, అందులోనూ చీకట్లో నడపడం ఎంత ప్రమాదమో మనకి తోచదు. మా వదినగారు కేదారం వెళ్ళొచ్చి, "ఆ పైలట్ ఊరికే కూర్చున్నాడమ్మా, అంతా మరే చూసుకుంది. ఇప్పుడన్నీ కంప్యూటర్లే కదా!" అన్నారు. ఆ మాట పట్టుకుని హెలికాప్టర్ల చరిత్ర కాస్త తిరగేశాను. తిరగేసిన కొద్దీ, ఆ ఊరికే కూర్చున్నట్టు కనిపించడం వెనక ఎంత కథ ఉందో తెలిసొచ్చింది. ఆ కథంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. కళ్ళు పనిచెయ్యనప్పుడు ఎవరి మాట నమ్మాలి? ఒంటి మాటా, మర మాటా?

ముందు ఆ నడపడం సంగతి చూద్దాం. పైలట్‌కి ఎడమ చేతి పక్కన ఒక మీట ఉంటుంది. అది ఎత్తితే హెలికాప్టర్ లేస్తుంది, దించితే దిగుతుంది. మోకాళ్ళ మధ్య ఒక కర్ర ఉంటుంది. అది ఎటు వంచితే అటు పోతుంది. కాళ్ళ కింద రెండు పెడల్స్. అవి ముక్కుని కుడికీ ఎడమకీ తిప్పుతాయి. ఓస్, ఇంతేనా అనుకోకండి. ఎడమ చేత్తో మీట ఎత్తగానే ముక్కు ఓ పక్కకి తిరిగిపోతుంది. దాన్ని కాలితో సర్దాలి. కాలితో సర్దేసరికి బండి మొత్తం పక్కకి జరుగుతుంది. దాన్ని కుడిచేత్తో సర్దాలి. అది సర్దేసరికి ఎత్తు తగ్గుతుంది. మళ్ళీ ఎడమ చెయ్యి. ఇలా రెండు చేతులూ రెండు కాళ్ళూ క్షణం ఖాళీ లేకుండా ఒకదాని తప్పు ఒకటి దిద్దుకుంటూ ఉండాలి. చంకలో పిల్లాడు, చేతిలో అట్లకాడ, కాలితో తలుపు తోయడం మనకి అలవాటే అనుకోండి. అయితే మనం ఒక్క క్షణం ఏమరితే అట్టు మాడుతుంది. అక్కడ జరిగేది అట్టు మాడడం కాదు.

విమానాన్ని నీళ్ళ మీద పడవతో పోల్చవచ్చు. కాసేపు వదిలేసినా తన దారిన తాను పోతుంది. హెలికాప్టర్ మాత్రం అరచేతిలో నిలబెట్టిన కర్ర. చెయ్యి కదుపుతూ ఉన్నంతసేపే నిలుస్తుంది. 1939 సెప్టెంబర్ 14న అమెరికాలో ఇగోర్ సికోర్‌స్కీ తాను తయారుచేసిన వి.ఎస్.-300ని మొదటిసారి నేల మీంచి లేపినప్పుడు, అది ఎటో పడిపోకుండా తాళ్ళతో నేలకి కట్టే ఉంచాడు. లేచింది కొద్ది సెకండ్లే. అలాంటి యంత్రాన్ని పట్టుకుని పదేళ్ళు తిరిగేసరికల్లా యుద్ధాల్లోకి వెళ్ళారు. ఫ్రాన్సులో వాలరీ ఆండ్రే అని ఒక డాక్టరమ్మ ఉండేది. 1950ల మొదట్లో ఇండోచైనా యుద్ధంలో ఆవిడే హెలికాప్టర్ నడుపుకుంటూ వెళ్ళి, గాయపడిన సైనికులని రెండు పక్కలా కట్టిన పడకల మీద పడుకోబెట్టి తెచ్చి, ఆవిడే ఆపరేషన్లు చేసేది. 129 సార్లు వెళ్ళి 165 మందిని తీసుకొచ్చింది. 1976లో ఫ్రాన్సు సైన్యంలో జనరల్ అయిన మొదటి స్త్రీ ఆవిడే. నూట రెండేళ్ళు బతికి 2025 జనవరిలో పోయింది. ఆవిడ నడిపిన బండిలో కంప్యూటర్లూ లేవు, ఆటోపైలటూ లేదు. రెండు చేతులు, రెండు కాళ్ళు, రెండు కళ్ళు. అంతే.

ఆ చివరి రెండూ లేకపోతే? అంటే చీకటి పడితే, మబ్బు కమ్మితే? అసలు చిక్కంతా అక్కడ మొదలవుతుంది.

చిన్నప్పుడు మీరు ఒప్పులకుప్ప ఆడే ఉంటారు. చేతులు పట్టుకుని గిరగిరా తిరిగి తిరిగి ఒక్కసారి ఆగితే, మనం ఆగినా చుట్టూ ఉన్న ఇళ్ళూ చెట్లూ అటు తిరుగుతూనే ఉంటాయి. తూలి కింద పడి నవ్వుకునేవాళ్ళం. ఆ నవ్వులాటలో ఉన్న సంగతే రాత్రిపూట పైలట్ల ప్రాణం తీస్తోంది.

మన లోపలి చెవిలో సన్నటి వంకర గొట్టాలు మూడున్నాయి. వాటి నిండా నీళ్ళలాంటి ద్రవం. బిందెలో నీళ్ళు పోసి గిరుక్కున తిప్పి చూడండి. ముందు బిందె తిరుగుతుంది గాని నీళ్ళు కదలవు. కాసేపు తిప్పితే నీళ్ళు కూడా బిందెతో సమానంగా తిరుగుతాయి. బిందె ఆపేస్తే నీళ్ళు ఆగవు, తిరుగుతూనే ఉంటాయి. చెవిలో జరిగేదీ అదే. మొదట తిరిగినప్పుడు చెవి "తిరుగుతున్నాం" అని సరిగ్గానే చెబుతుంది. అదే వేగంతో ఇరవై సెకండ్లు తిరిగితే చాలు, ద్రవం కూడా కలిసిపోయి "ఏమీ తిరగడం లేదు, నిటారుగా ఉన్నాం" అంటుంది. తీరా తిరగడం ఆపితే "అయ్యో, అటువైపు తిరిగిపోతున్నాం" అని గోల పెడుతుంది. పట్టపగలైతే కన్ను చెవిని కసురుకుంటుంది, గొడవ వదిలిపోతుంది. కన్నుకి ఏమీ కనబడనప్పుడు చెవి చెప్పిందే వేదం.

విమానాలు వచ్చిన కొత్తలో పైలట్లు ఇది ఒప్పుకునేవారు కాదు. మంచి పైలట్ అంటే కూర్చున్న చోటినుంచే విమానం ఒరుగు పసిగట్టేవాడని వాళ్ళ గర్వం. 1926లో అమెరికా సైన్యంలోని విలియం ఓకర్ అనే పైలట్‌ని ఒక డాక్టరు తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళు మూసి తిప్పాడు. కుర్చీ నెమ్మదించగానే ఆయన ఆగిపోయిందన్నాడు. ఆగిపోగానే ఎదురు తిరుగుతోందన్నాడు. కళ్ళు తెరిచి చూసి, అంత అనుభవశాలీ తెల్లబోయాడు. ఇంకొకరైతే సిగ్గుపడి ఊరుకునేవారు. ఆయన మాత్రం విమానంలో ఉండే గైరో పరికరాన్ని ఒక పెట్టెలో బిగించి, లోపల చిన్న దీపం పెట్టి, మళ్ళీ వెళ్ళి అదే కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి చెవి మాట వినకుండా పెట్టెలోని ముల్లు మాటే విన్నాడు. ఒక్క జవాబూ తప్పలేదు. పక్షుల సంగతి కూడా చూద్దామని, కళ్ళకి గంతలు కట్టిన పావురాలని విమానంలోంచి వదిలారు. పాపం, అవి కూడా ఎగరలేక రెక్కలు చాపుకుని మెల్లగా కిందికి దిగిపోయాయి. పుట్టుకతో ఎగిరేవాటికే దిక్కు తోచకపోతే మనిషెంత?

1929 సెప్టెంబర్ 24న జిమ్మీ డూలిటిల్ అనే పైలట్ తన సీటు చుట్టూ బయటేమీ కనబడకుండా గుడ్డ కప్పేసుకుని, ముందున్న ముళ్ళూ బిళ్ళలూ మాత్రమే చూస్తూ విమానం లేపి, తిప్పి, దించాడు. ముందు సీట్లో అవసరానికి ఒక పైలట్ కూర్చున్నాడు గాని, ఆయన మీటలు ముట్టుకోవలసిన అవసరం రాలేదు. గుడ్డిగా ఎగరవచ్చునని ఆ రోజు రుజువైంది. కాని అది నేర్చుకున్న వాళ్ళకి. నేర్చుకోని వాళ్ళ సంగతి 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ళు చూశారు. పరికరాల మీద ఎగరడం అలవాటులేని 20 మందికి బయట ఏమీ కనబడకుండా చేసి విమానం ఇచ్చారు. పక్కన గురువులు లేకపోతే ఇరవైకి ఇరవై మందీ కూలిపోయేవారే. విమానం అదుపు తప్పడానికి పట్టిన సమయం సగటున 178 సెకండ్లు. అంటే మూడు నిమిషాలకి రెండు సెకండ్లు తక్కువ. మన పొయ్యి మీద పాలు పొంగడానికి కూడా అంతకంటే ఎక్కువ పడుతుంది! అది నిలకడైన విమానం మాట. అరచేతిలో కర్రలాంటి హెలికాప్టర్‌కి అంత వ్యవధి కూడా ఉండదు.

మరి మర సాయం ఏమైంది అంటారా? అది చాలా పాతదే. 1914లోనే పారిస్ దగ్గర సేన్ నది మీద లారెన్స్ స్పెరీ అనే కుర్రవాడు తన ఆటోపైలట్‌ని జనానికి చూపించాడు. అతని మెకానిక్ విమానం రెక్క మీద నడుస్తుంటే, అతను రెండు చేతులూ పైకెత్తి చూపించాడట. విమానం ఒరగలేదు. హెలికాప్టర్‌కి ఆ భాగ్యం పట్టడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. 1950ల చివర్లో అమెరికా నౌకాదళం, రాత్రిపూట సముద్రం మీద ఒకే చోట నిలబడి కింద జలాంతర్గాముల చప్పుడు వినడానికి, ఒరుగు తనే సర్దుకునే హెలికాప్టర్లు వాడడం మొదలుపెట్టింది. చుక్కలకీ, సముద్రంలో పడవ దీపాలకీ తేడా తెలియని చీకట్లో అలా నిలబడడం మనిషి చేతుల వల్ల అయ్యే పని కాదు. ఆ తరవాత ఎత్తు పట్టుకునేవి, వేగం పట్టుకునేవి, దారి పట్టుకునేవి ఒక్కొక్కటే వచ్చాయి. ఎంతమందిని కాపాడాయో లెక్కలేదు. ఆ మాట ముందు చెప్పుకోవాలి.

అయినా ప్రమాదాలు ఆగలేదు. 2014 మార్చి 13 రాత్రి ఇంగ్లండులో నార్ఫోక్ జిల్లాలో ఒక పెద్దమనిషి బంగళా దగ్గర్నుంచి మంచి ఖరీదైన హెలికాప్టర్ ఒకటి దట్టమైన పొగమంచులో లేచింది. ఇద్దరు పైలట్లు, ఆటోపైలట్, అన్నీ ఉన్నాయి. లేచిన కాసేపటికే ముక్కు దించి నేలని గుద్దుకుంది. నలుగురూ పోయారు. విచారించిన వాళ్ళు దీనికి చెవి మాయే కారణం కావచ్చునన్నారు. బస్సు ఒక్కసారి ముందుకి దూకితే మనం వెనక్కి వాలిపోతాం కదా. చీకట్లో అదే జరిగితే, ఒళ్ళు దాన్ని "ముక్కు పైకి లేచిపోతోంది" అని అర్థం చేసుకుంటుంది. ముక్కు దించమంటుంది. దించితే వేగం పెరుగుతుంది. పెరిగితే ఇంకా లేచినట్టుంటుంది. ఇంకా దించమంటుంది.

మబ్బు కమ్మితే పగలు కూడా రాత్రే. 2020 జనవరి 26న అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్, పదమూడేళ్ళ కూతురితో కలిసి పిల్లల ఆటల పోటీకి వెళుతున్న హెలికాప్టర్ లాస్ ఏంజలస్ దగ్గరి కొండల్లో మబ్బులోకి వెళ్ళింది. పైలట్‌కి ఎనిమిది వేల గంటల పైచిలుకు అనుభవం. కొత్తవాడు కాదు. "4,000 అడుగులకి ఎక్కుతున్నాను" అని రేడియోలో చెప్పాడు. అదే సమయంలో ఆ హెలికాప్టర్ ఎడమవైపు తిరుగుతూ కొండ మీదికి దిగిపోతోంది. ఎదురుగా ఉన్న పరికరాలు నిజమే చూపిస్తున్నాయి. ఆటోపైలట్ కూడా ఉంది. అతని ఒళ్ళు మాత్రం ఎక్కుతున్నానంది. తొమ్మిది మంది పోయారు.

ఇంతవరకూ వింటే, "చెప్పానా, మర మాటే వినాలి" అంటారు. అయితే రెస్క్యూ 116 కథ వినండి.

2017 మార్చి 13 రాత్రి. ఐర్లండు పడమటి సముద్రంలో చాలా దూరాన ఒక చేపల పడవలో జాలరికి చేతికి గాయమైంది. అతన్ని తీసుకురావడానికి స్లైగో నుంచి ఒక హెలికాప్టర్ వెళ్ళింది. దానికి తోడుగా డబ్లిన్ నుంచి రెస్క్యూ 116 బయల్దేరింది. నడిపేది కెప్టెన్ డారా ఫిట్జ్‌పాట్రిక్. నలభై అయిదేళ్ళ మనిషి, ఏళ్ళ తరబడి సముద్రం మీద ప్రాణాలు కాపాడుతున్నావిడ, చిన్న పిల్లవాడి తల్లి. పక్కన కెప్టెన్ మార్క్ డఫీ, వెనక ఇద్దరు సహాయకులు. నూనె పోసుకోవడానికి తీరాన బ్లాక్‌సాడ్ అనే చోట దిగాలి. అక్కడికి వెళ్ళే దారి కంప్యూటర్లో ముందే ఎక్కించి ఉంది. అర్ధరాత్రి దాటింది. వానా, మబ్బూ. చీకట్లో చూపించే కళ్ళజోళ్ళు వాళ్ళకి లేవు. ఆటోపైలట్ 200 అడుగుల ఎత్తు పట్టుకుని, వెంట్రుకవాసి తప్పకుండా, తనకిచ్చిన దారిలో మొదటి గుర్తు దగ్గరికి తీసుకెళుతోంది.

ఆ మొదటి గుర్తు ఉన్నది బ్లాక్ రాక్ అనే రాతి దీవి దగ్గర. దాని ఎత్తు 282 అడుగులు.

నేల దగ్గర పడితే అరిచి చెప్పే పరికరం ఆ హెలికాప్టర్లో ఉంది. అది అరవలేదు. దాని పటంలో ఆ దీవి లేదు. చివరికి చూసింది మనిషే. వేడిని పట్టి చూపించే కెమెరా తెర మీద వెనకున్న సహాయకుడు ముందున్న దీవిని చూసి, కుడికి తిప్పమని చెప్పాడు. ఆ తరవాత గొంతు పెంచి కుడికి, కుడికి అన్నాడు. అప్పటికే మించిపోయింది. నలుగురూ పోయారు. వారిలో ఇద్దరి దేహాలు కూడా దొరకలేదు. 2021లో వచ్చిన విచారణ నివేదిక ఈ ఒక్కరిదీ తప్పని తేల్చలేదు. కంప్యూటర్లోకి ఎక్కించిన ఆ దారిని ఎప్పుడూ ఎవరూ సరిగ్గా పరీక్షించకపోవడం దగ్గర్నుంచి చాలా లోపాలు చూపించింది.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. లాస్ ఏంజలస్ కొండల్లో మర నిజం చెప్పింది, మనిషి ఒంటి మాట నమ్మాడు. ఐర్లండులో మనిషి కన్ను నిజం చెప్పింది, అప్పటిదాకా అందరూ మర మాట మీద ఉన్నారు. మర అబద్ధమాడిందా అంటే అదీ కాదు. చెప్పిన చోటికి చెప్పినట్టు తీసుకెళ్ళింది. తనకెవరూ చెప్పని సంగతి దానికి తెలియదు, అంతే. చీకటి పైలట్ నేర్పంటే చేతుల చురుకుదనం ఒక్కటే కాదని నాకు అర్థమైంది ఇక్కడే. ఒంటిని ఎప్పుడు శంకించాలి, మరని ఎప్పుడు శంకించాలి, ఈ రెండూ తెలియాలి. అన్నం ఉడికిందని కుక్కరు కూత వేసినా, మూత తీసి ఒక్క మెతుకు పట్టి చూస్తాం చూడండి. ఆ పట్టి చూడడం మానేస్తే ఎంత గొప్ప యంత్రమైనా లాభం లేదు. ఇంకో చిక్కేమిటంటే, రోజూ మర నడుపుతూ ఉంటే చేతులు ఆ విద్య మరిచిపోతాయి. అవసరం పడేది మాత్రం చీకట్లో, ఒక్కసారిగా.

ఇంతకీ చీకటి పైలట్‌కి ఉండవలసిన నేర్పు ఇంకొకటుంది. అది గాలిలో పనికొచ్చేది కాదు, నేల మీద. "ఇవాళ వెళ్ళను" అనగలగడం. బ్రయంట్ ప్రమాదాన్ని విచారించిన వాళ్ళు, తన ప్రయాణికుణ్ణి వేళకి చేర్చాలని పైలట్ తనకు తాను పెట్టుకున్న ఒత్తిడిని కూడా ఒక కారణంగా రాశారు. ఎవరూ అతన్ని బలవంతం చెయ్యలేదు. పెద్దవాళ్ళ ప్రయాణం, ఎలా కాదంటాం అనే మొహమాటం. ఆ మొహమాటం మనకి తెలియనిదా?

2009 సెప్టెంబర్ 2 మనవాళ్ళెవరూ మరిచిపోయి ఉండరు. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు బేగంపేట నుంచి చిత్తూరు జిల్లా రచ్చబండకి బయల్దేరిన హెలికాప్టర్ నల్లమల మీద మబ్బుల్లో మాయమైంది. ఆ పగలూ ఆ రాత్రీ రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చుంది. మర్నాడు పొద్దున గాని ఆచూకీ తెలియలేదు. అయిదుగురు పోయారు. విచారణలో, ఒక నూనె పీడనం హెచ్చరిక గురించి పైలట్లు కొన్ని నిమిషాలు పుస్తకం వెతుక్కుంటూ ఉండిపోయారనీ, వాతావరణం బాగా లేనప్పుడు దారి మళ్ళించుకోవలసిందనీ, పెనుమేఘంలో కిందికి తోసే గాలికి చిక్కారనీ తేలింది. 2025 జూన్ 15 తెల్లవారుజామున కేదారనాథ్ నుంచి యాత్రికులతో వస్తున్న హెలికాప్టర్ గౌరీకుండ్ దగ్గర మబ్బు కమ్మిన కొండల్లో కూలి ఏడుగురు పోయారు. వారిలో ఒక పసిపిల్ల కూడా ఉంది.

2022 ఫిబ్రవరి 5న అమెరికాలో ఒక బ్లాక్ హాక్ హెలికాప్టర్ లోపల ఒక్క మనిషి కూడా లేకుండా అరగంట ఎగిరి దిగింది. సికోర్‌స్కీ తాళ్ళు కట్టి ఎగిరిన నాటి నుంచి ఎనభై రెండేళ్ళు దాటాక. రేపోమాపో చీకట్లో మర మనిషికన్నా మెరుగ్గా నడపవచ్చు. మన పిల్లల కాలానికి అది మామూలు సంగతైపోయినా ఆశ్చర్యం లేదు. ఆ రోజు వచ్చేదాకా మాత్రం మన ప్రాణం ముందు సీట్లో కూర్చున్న మనిషి చేతిలోనే ఉంటుంది. హెలికాప్టర్ దగ్గర గంటల తరబడి వరసలో నిలబెట్టి, చివరికి పైలట్ మబ్బు వంక చూసి "ఈ పూట కుదరదమ్మా" అంటే మనకి ఎక్కడలేని విసుగూ వస్తుంది. సెలవు అయిపోతుందనీ, టిక్కెట్టు డబ్బులు పోయాయనీ, పక్క కంపెనీ బండి వెళ్ళిందిగా అనీ నాలుగు మాటలంటాం. అనకండి. ఆ మాట అనడానికి అతనికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. వీలైతే ఓ గ్లాసు టీ ఇప్పించి, దేవుణ్ణి రేపు చూద్దాంలే అని గదికి వచ్చెయ్యండి.